పరదేశంలో గైడు: ఎంతవరకు అవసరం?

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం)

ఈ యేడు మన కళాశాలలో ఏ చెట్టుకింద నలుగురు కూడినా ఒకటే చర్చ. వచ్చే ఏడాది స్టడీ టూరు దేశం దాటిపోవాలా, పోతే ఎట్లా పోవాలి? మనకు ముందువాళ్ళు ఊటీ, మైసూరులతో సరిపెట్టుకున్నారు. ఇప్పుడు చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలో కొలంబోలో దిగవచ్చునని తెలిసిన తర్వాత ఊటీ పేరెత్తే ధైర్యం ఎవరికీ లేదు. శ్రీలంక అనేసరికి అందరూ ఒప్పుకున్నారు. తగాదా అంతా ఆ తర్వాతి మెట్టు దగ్గర వచ్చింది. ఒక పక్షంవారు "ఏజెంటుకు అప్పజెప్పండి, వాను, గైడు, భోజనం అన్నీ వాడే చూచుకుంటాడు" అంటున్నారు. రెండవ పక్షంవారు "మనం పసిపిల్లలమా? చేతిలో ఫోనుంది, ఫోన్లో మ్యాపుంది, గైడు దండుగ ఖర్చు" అంటున్నారు. మా ఆడపిల్లల హాస్టల్లోనైతే రాత్రి పదకొండుదాకా వాదించుకుని, లైట్లు ఆర్పిన తర్వాత చీకట్లో కూడ వాదించుకున్నారు.

ఈ రెండు పక్షాలూ నాకు పూర్తిగా నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

నేనేమీ దేశాలు తిరిగిన మనిషిని కాను. మా ఊరు ములుగు జిల్లాలో, రామప్ప చెరువు ఆయకట్టు కింద వుంది. నాలుగెకరాల తరి, రెండెకరాల చెల్క మాకు ఆధారం. చెల్కలో మిర్చి వేస్తాం. మొన్న సంక్రాంతి సెలవులకు మా చిన్నబాపు పూనుకొని బాపును, అమ్మను, చిన్నమ్మను, నన్ను శ్రీలంకకు తీసుకుపోయాడు. ఆ టూరుకు "రామాయణ యాత్ర" అని పేరు. మా వాటా కింద ఆ రెండెకరాల మిర్చి మీద మిగిలిన సొమ్మంతా పోయింది. ఇంటి లెక్కలు సావనీరులో ఎందుకని మీరనవచ్చు. గైడు వుండాలా వద్దా అన్నది కలిగినవారికి రుచికి సంబంధించిన ప్రశ్న. మా వంటి ఇళ్ళలో ఆ ప్రశ్న వెనక ఒక మనిషి ఏడాది రెక్కల కష్టం వుంటుంది. మళ్ళీ ఇంకోసారి పోతామన్న నమ్మకం లేదు. ఉన్న ఏడు రోజుల్లో ఎవరో చూపించింది చూచి వచ్చామా, మనం చూడవలసింది చూచామా అన్న లెక్క తేలవలసిందే గదా!

మొదటి నాలుగు రోజులు వానులో, గైడుతో తిరిగాం. తర్వాత చిన్నబాపు, చిన్నమ్మ అదే వానులో సముద్రతీరానికి వెళ్ళిపోయారు. మిగిలిన మూడు రోజులు బాపు, అమ్మ, నేను బస్సుల మీద తిరిగాం. రెండు పద్ధతులూ ఒకే ప్రయాణంలో పక్కపక్కన చూడడం వల్ల పోల్చి చెప్పే వీలు కలిగింది. ప్రయోగశాలలో కంట్రోల్ పెట్టి చేసిన ప్రయోగమనుకోండి.

మా వాను నడిపినాయనే మాకు గైడు కూడ. అక్కడ ఇట్లాంటివారిని షాఫర్ గైడు అంటారు. దేశమంతా తిరిగి చెప్పగలవారు నేషనల్ గైడులు, ఒక ప్రాంతానికి పరిమితమైనవారు ఏరియా గైడులు, ఒక్క స్థలంలోనే చెప్పేవారు సైట్ గైడులు. ఇట్లా తరగతులు చేసి అక్కడి పర్యాటకాభివృద్ధి సంస్థ లైసెన్సులిస్తుంది. మా ఆయన మంచివాడు, నెమ్మదస్తుడు. కొండల మీది వంపుల్లో అమ్మకు వాంతి రాకుండా నడిపినందుకు ఆమె ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటుంది. ఏజెంటు "తెలుగు గైడు" అని చెప్పాడు గాని, ఆయనకు వచ్చిన తెలుగు "బాగున్నారా", "తిన్నారా", "దిగండి" మాత్రమే. మిగతాదంతా ఇంగ్లీషు. దాన్ని నేను తెలుగు చెయ్యాలి. అంటే డబ్బులిచ్చి పెట్టుకున్న గైడు ముందు సీట్లో వుంటే, డబ్బుల్లేని గైడు వెనక సీట్లో వున్నదన్నమాట!

క్యాండీ దాటాక మాతలే దగ్గర ఒక మసాలా తోట ముందు వాను ఆగింది. మిరియాల తీగ, దాల్చినచెక్క, జాజికాయ చెట్లు చూపించారు. చూడదగ్గవే, కాదనను. ఆ తర్వాత నీడలో బెంచీల మీద కూర్చోబెట్టి మోకాళ్ళ నొప్పులకు ఒక నూనె, బట్టతలకు ఒక నూనె, నిద్రపట్టడానికి ఒక నూనె బయటికి తీశారు. మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్లో దించి, ధర కోసం రెండు రాత్రులు అక్కడే పడుకునే మా బాపు, సీసా ధర వినగానే "గీ లెక్కన మన మిర్చి గుడ సీసలల్ల వోసి అమ్మాలె" అంటూ లేచాడు. అంతకు ముందురోజు రత్నాల దుకాణం. ఆ సాయంత్రం బాటిక్ బట్టల దుకాణం. నాలుగు రోజుల్లో దుకాణాల్లో గడచిన కాలం నేను గడియారం చూచి కలిపాను. ఆరు గంటల నలభై నిమిషాలు వచ్చింది. సిగిరియాలో మేమున్నది మూడు గంటలు.

దీనికి ఆ ఒక్క మనిషినీ తప్పుపట్టి లాభం లేదు. ఆయన బతుకు సంగతి భోజనాల దగ్గర కొంత చెప్పాడు. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నాడు చర్చిల్లో, హోటళ్ళలో బాంబులు పేలాయి, వచ్చేవాళ్ళు ఆగిపోయారు. తేరుకునేలోగా 2020లో కరోనా వచ్చింది. అది సద్దుమణిగిందనుకుంటే 2022లో దేశం దివాళా తీసి పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి క్యూలు. మూడేళ్ళకు పైగా పని సరిగా లేని మనిషి వాను కిస్తీలు ఎట్లా కడతాడు? ఏజెంటు ఇచ్చే రోజుకూలి చాలదు, దుకాణంవాడు కమీషన్ ఇస్తాడు, వాను దుకాణం ముందు ఆగుతుంది. ఇందులో రహస్యం ఏమీ లేదు. అయితే ఈ లెక్క తెలిసిన తర్వాత కూడ బండి, కథ రెండూ ఒకే మనిషి చేతిలో పెట్టడం ఎందుకని నా ప్రశ్న. ప్యాకేజీ పక్షంవారు దీనికి సమాధానం చెప్పాలి.

కథల సంగతి వేరే వుంది. నువర ఎలియ దగ్గర సీత ఎలియ అనే చోట ఏటి ఒడ్డున సీతమ్మవారి గుడి వుంది. అక్కడ బండ మీది గుంటలు చూపించి హనుమంతుని పాదముద్రలన్నాడు గైడు. అమ్మ ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంది. భూగర్భశాస్త్రం చదివేదాన్ని కాబట్టి, ఏటి నీళ్ళలో గులకరాళ్ళు సుడి తిరిగి బండను తొలిస్తే ఇటువంటి గుంటలు పడతాయని నా మనసులో తోచింది. ఆ మాట అక్కడ అనలేదు, అనవలసిన చోటు కూడ కాదు. అమ్మ భక్తి మీద నాకు పేచీ లేదు. తిరుగు దారిలో గైడు చెప్పిన మాట మీద వచ్చింది పేచీ. వెనకటి వారం యూరోపువాళ్ళను తెచ్చినప్పుడు ఈ గుడి దగ్గర ఆయన బండే ఆపలేదట! వాళ్ళకు టీ ఫ్యాక్టరీ, దొరల బంగళాలు. మాకు అశోకవనం. ఉన్నది ఒకటే లోయ.

మరి ఆ లోయలో బుట్ట వీపున వేసుకుని ఆకు కోస్తున్న ఆడవాళ్ళు ఎవరు? 1867లో జేమ్స్ టేలర్ అనే స్కాట్లండ్ దొర లూలెకొందెరాలో టీ సాగు మొదలుపెట్టాడు. అంతకుముందు కాఫీ తోటలకు, ఆ తర్వాత టీ తోటలకు దక్షిణ భారతం నుంచి తెచ్చిన తమిళ కూలీల సంతతి వాళ్ళు. 1948లో చేసిన పౌరసత్వ చట్టంతో వాళ్ళలో చాలామందికి ఏ దేశమూ లేకుండా పోయింది. 1964లో మన లాల్ బహదూర్ శాస్త్రి, లంక ప్రధాని సిరిమావో బండారనాయకే కూర్చుని ఇందులో ఇన్ని లక్షలమంది మీకు, ఇన్ని లక్షలమంది మాకు అని పంచుకున్నారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు పెట్టెలు సర్దుకుని రామేశ్వరం దారి పట్టారు. సీతమ్మ కష్టం చెప్పుకునే చోట ఈ తల్లుల కష్టం కూడ చెప్పుకోవచ్చు. మా వానులో అది వినపడలేదు. వెనకటి వారం వానులో కూడ వినపడి వుండదు. "ఫొటో, మేడమ్?" అని మాత్రం రెండు వానులవారినీ అడిగి వుంటాడు.

ఇదంతా లంక గైడుల గుణమేనని కూడ అనలేను. మా రామప్పకు రండి. 2021లో యునెస్కో జాబితాలో చేరినప్పటినుంచి బస్సులు పెరిగాయి. నీళ్ళ మీద తేలే ఇటుక సంగతి చెబుతారు, ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న మదనికను చూపిస్తారు, తడితే స్వరం పలికే రాతిని చూపిస్తారు. ముప్పావు గంటలో అయిపోతుంది. 1213లో రేచర్ల రుద్రుడు గుడి కట్టించినప్పటి కాలానిదే ఆ పక్కనున్న చెరువు. ఎనిమిది వందల యేండ్లుగా మా కడుపులు నింపుతున్నది అదే. దాని మీద పడవ షికారు చేయిస్తారు గాని, దాని తూము దగ్గరికి ఎవరినైనా తీసుకుపోయిన గైడును నేనింతవరకు చూడలేదు. చిన్నప్పుడు మడికట్ల మీంచి ఆ బస్సులను చూచి, వీళ్ళు మా ఊరికి వచ్చినట్టా, రానట్టా అని అనుకునేదాన్ని. దంబుల్లా దాటాక దారిపొడుగునా చెరువులే కనిపిస్తుంటే బాపు "గీ చెర్వు కింద ఎన్నెకరాలు పారుతదో అడుగు బిడ్డా" అన్నాడు. అడిగాను. "లేక్, మేడమ్. బోటింగ్ కావాలా?" అన్నాడు గైడు. ఈసారి బస్సులో కూర్చున్నది మేమేనని అప్పుడు అర్థమయింది.

తర్వాతి మూడు రోజులు బాపు చెప్పిన దారిన పోయాం. ఎర్ర బస్సెక్కి పొలొన్నరువ చేరి, అద్దెకు సైకిళ్ళు తీసుకున్నాం. అమ్మ నా సైకిలు వెనక కూర్చుంది. పన్నెండవ శతాబ్దంలో పరాక్రమబాహు అనే రాజు అదివరకున్న చెరువులను కలిపి, పెంచి కట్టించిన పరాక్రమ సముద్రం అక్కడ వుంది. పేరుకు తగ్గట్టే సముద్రం! కట్ట పొడవే దాదాపు 14 కిలోమీటర్లు. బాపు శిథిలాల వైపు ఒక చూపు చూచి, మిగిలిన పొద్దంతా ఆ కట్ట మీద గడిపాడు. అలలకు కట్ట కోసుకుపోకుండా లోపలివైపు రాళ్ళు పేర్చడం, మనం రివిట్‌మెంటు అంటామే, అది అక్కడా వుంది. దానికి వాళ్ళ పేరు రళపనావ. కాలువ ఎక్కడ చీలుతుంది, చివరి పొలానికి నీళ్ళు అందుతాయా, ఏ గడ్డి తీస్తున్నారు, ఏ గడ్డి వదిలేస్తున్నారు, ఇవన్నీ బాపుకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. ఆ పొలాల్లో మా వానువాడికంటే ఆయనే మంచి గైడు.

మధ్యాహ్నం కాలువగట్టు మీది చాయ దుకాణంలో ఓ రైతు కలిశాడు. బాపుకు సింహళం రాదు, ఆయనకు తెలుగు రాదు. దుకాణదారు కొడుక్కి కాస్త ఇంగ్లీషు వచ్చు. బాపు ప్రశ్న నా ద్వారా ఆ పిల్లవాడికి, ఆ పిల్లవాడి ద్వారా ఆ రైతుకు చేరాలి. బాపు మొదటి ప్రశ్నే ఇది: "ఎరువులు బంద్ పెట్టినప్పుడు ఏం జేసిన్రు?" 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, పంటలు దెబ్బతిని, రైతులు రోడ్డెక్కిన తర్వాత అదే యేడు నవంబరులో వెనక్కి తగ్గింది. ఆ ప్రశ్న వినగానే ఆ మనిషి గ్లాసు కింద పెట్టాడు. మడిలో సగం పంట కూడ రాలేదని, ఎడ్లపేడ కోసం ఊరూరూ తిరిగానని, వడ్లు అమ్మేవాణ్ణి ఆ యేడు బియ్యం కొనుక్కు తిన్నానని చేతులు తిప్పుతూ చెప్పాడు. బాపు మన ఊళ్ళలో యూరియా బస్తా కోసం రైతులు లైన్లో చెప్పులు పెట్టి నీడకు కూర్చునే సంగతి చెప్పాడు. "చెప్పులు" అన్నది ఇంగ్లీషులోనుంచి సింహళంలోకి పోయి ఆయనకు చేరడానికి అర నిమిషం పట్టింది. చేరగానే పడీపడీ నవ్వాడు. చాయ డబ్బులు ఇవ్వనివ్వలేదు. ఈ సంభాషణ ఏ ప్యాకేజీలో వుంటుంది? ఏ గైడైనా మమ్మల్ని ఆ బల్ల దగ్గర గంటన్నర కూర్చోనిచ్చేవాడా?

ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. అనురాధపురం బస్టాండులో ఒక ముసలమ్మ చేతులు చూచి జాతకం చెబుతూ తిరుగుతున్నది. పక్కనున్న మనవణ్ణి ఏదో కసిరింది. అమ్మ చటుక్కున నా భుజం పట్టుకుని "ఏమే, మనోళ్ళే గదనే!" అన్నది. నాకేమీ వినిపించలేదు. అమ్మకు వినిపించింది. వారిని అక్కడ అహికుంటకులంటారు. పాములాడించడం, చేతులు చూడడం వృత్తిగా తరతరాలు తిరిగినవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ జిల్లాలోనే తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే ఊళ్ళో స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. మా మాటకూ ఆమె మాటకూ చాలా దూరం వుంది, సగం అర్థమయింది, సగం కాలేదు. అయినా అమ్మ బస్సు తప్పిపోయేదాకా ఆమె దగ్గరినుంచి కదలలేదు. తెలుగు కుటుంబాన్ని నాలుగు రోజులు తిప్పిన తెలుగు టూరువాళ్ళకు ఈ దేశంలో తెలుగు మాట్లాడేవాళ్ళున్నారని చెప్పాలని తోచలేదు. వాళ్ళను టూరులో ఒక అంశంగా చేర్చాలని మాత్రం నేననను. వాను నింపుకుపోయి చూచి రావడానికి వాళ్ళేమన్నా వింతలా?

ఇంతవరకు చదివిన మిత్రులు "అయితే గైడు వద్దంటున్నది" అని నిర్ణయించుకుంటే తొందరపడ్డారన్నమాటే. గైడు లేకపోతే ఏం పోగొట్టుకుంటామో కూడ ఆ ఊరి దగ్గరే తెలిసింది.

అనురాధపురం శివార్లలో ఓ పాత చెరువు కట్ట మీద నడుస్తుంటే, కట్ట నడుమ రాళ్ళు, ఇటుకలతో కట్టిన నలుచదరపు గొయ్యి కనిపించింది. చూస్తే బావిలా వుంది. బాపు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి "గిది బాయి గాదు బిడ్డా. చెర్వుల నీళ్ళు పెట్టుకొని కట్ట నడుమ బాయి ఎవడు తవ్వుతడు? తూముదేదో కథ ఉన్నది" అన్నాడు. కథ ఉన్నదని తెలిసింది, ఏమిటో తెలియలేదు. నేను ఫోను తీశాను. మ్యాపులో చెరువు పేరున్నది, మేం నిలబడ్డ చోట నీలి చుక్క వున్నది. గొయ్యి సంగతి లేదు. మన కాకతీయుల చెరువుల్లో తూము దగ్గర నీళ్ళలో రాతి స్తంభాలు నిలబెట్టి, పైనుంచి బిరడా ఎత్తి నీళ్ళు వదిలే ఏర్పాటు వుంటుంది. అది తెలిసిన కన్నుకు కూడ ఇది అందలేదు.

మరునాడు టికెట్లిచ్చే చోట, మెడలో లైసెన్సు కార్డు వేసుకున్న ఒక పెద్దాయనను మాట్లాడుకున్నాం. సైట్ గైడు. సగం రోజుకు మన రూపాయల్లో పదిహేడు వందలు. బండి ఆయనది కాదు, దుకాణాలతో సంబంధం లేదు. బాపు స్తూపాల మాట ఎత్తకుండా ముందు గొయ్యి మాట ఎత్తాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "నన్ను ఇది అడిగినవాళ్ళు చాలా తక్కువ" అని, ఆటో ఎక్కించుకుని మమ్మల్ని ఆ కట్ట మీదికే తీసుకుపోయాడు.

దాని పేరు బిసోకొటువ. పది మీటర్ల లోతు నీళ్ళుంటే అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువు పడుతుందని మనం ఇంటర్మీడియట్లోనే లెక్కలు కట్టాం. అంత ఒత్తిడితో నీళ్ళు నేరుగా తూములోంచి దూకితే తూము రాళ్ళు పెకలుతాయి, కట్ట లోపలినుంచి కోసుకుపోతుంది. చెరువు పెద్దదైనకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అందుకని నీళ్ళను ముందు ఈ గొయ్యిలోకి రానిచ్చి, ఇక్కడ వాటి ఉరవడి తగ్గించి, ఎన్ని కావాలో అన్ని ఆపి, బయటి తూములోకి వదులుతారు. ఇటువంటి నిర్మాణాలు రెండువేల యేండ్ల కిందటినుంచే లంకలో వున్నాయని, బ్రిటిషువారి కాలంలో అక్కడి నీటిపారుదల శాఖలో పనిచేసిన హెన్రీ పార్కర్ అనే ఇంజనీరు 1909లో అచ్చయిన తన పుస్తకంలో వర్ణించి, నేటి వాల్వులకు ఇదే మూలమన్నాడట. ఆ పెద్దాయన పుల్లతో తడిమట్టిలో గీసి చూపించాడు. నేను తెలుగు చెయ్యకముందే బాపుకు అర్థమైపోయింది. అక్కడినుంచి జయగంగ కాలువ కథకు పోయారు. అయిదవ శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన కాల వేవ నుంచి అనురాధపురం తిస్స వేవకు 87 కిలోమీటర్ల కాలువ అది. వాలు కిలోమీటరుకు పది సెంటీమీటర్లు! ఒక్కవైపే గట్టు, రెండోవైపు మెరకనుంచి వచ్చే వాననీరు దానంతటది కాలువలో కలుస్తుంది. మడిలో నీళ్ళు సమంగా నిలపడానికి ఒక పొద్దంతా గొర్రు తోలే బాపు, ఆ "పది సెంటీమీటర్లు" అన్న మాటకు కాసేపు మాట్లాడలేదు. ఇది చూచినంత మాత్రాన తెలిసేది కాదు. కాలువ పక్కన నిలబడితే కాలువ కనిపిస్తుంది, వాలు కనిపించదు.

ఆ పదిహేడు వందలు ఏడు రోజుల ఖర్చులో మాకు బాగా గిట్టుబాటైన సొమ్ము.

ఆయనను నేనొక పరీక్ష కూడ పెట్టాను. పొలొన్నరువలో గల్ విహార అనే చోట ఒకే బండలో చెక్కిన విగ్రహాలున్నాయి. పడుకున్న బుద్ధుడి పొడవు సుమారు 14 మీటర్లు. ఆయన తల దగ్గర చేతులు ముడుచుకుని నిలబడ్డ విగ్రహం ఒకటుంది. అక్కడ పక్క గుంపు గైడు ఒకాయన "బుద్ధుని నిర్యాణానికి ఏడుస్తున్న ఆనందుడు" అని కరాఖండిగా చెప్పడం మేం విన్నాం. ఈ పెద్దాయనను అడిగితే, అది ఆనందుడని కొందరు పండితులు, కాదు బుద్ధుడేనని కొందరు వాదిస్తున్నారని రెండూ చెప్పాడు. ఏది నిజమని నేను రెట్టిస్తే "ఆ విగ్రహాలకు విడివిడిగా గదులుండేవని ఆనవాళ్ళున్నాయి, అది కూడ ఆలోచించండి" అని వదిలేశాడు. గైడును ఎన్నుకునేటప్పుడు లైసెన్సుతోపాటు నేను చూసేది ఇదే. ఒక సంగతి మీద రెండు అభిప్రాయాలున్నాయని చెప్పడానికి వెనుకాడని మనిషి దొరికితే బేరమాడవద్దు. పోతూపోతూ మా కృష్ణాతీరం మాట కూడ ఆయనే ఎత్తాడు. అమరావతి ఫక్కీ సున్నపురాతి శిల్పాలు లంకలో దొరికాయి, నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన వుంది. మేం చెప్పవలసిన మాట ఆయన చెప్పాడు.

ఇక ఫోను పక్షంవారికి ఒక్క మాట. ఫోను దారి చెబుతుంది, బస్సు వేళ చెబుతుంది, అడిగినదానికి జవాబు కూడ చెబుతుంది. అడగవలసింది ఏదో అది చెప్పదు. సిగిరియా కింద ఉద్యానవనంలో కశ్యపుని కాలపు నీటి చిమ్మెరలున్నాయి. అయిదవ శతాబ్దానివి. మంచి వానలు పడితే ఇప్పటికీ చిమ్ముతాయి. చిల్లులు పెట్టిన గుండ్రటి సున్నపురాతి పలకలు అవి. అందరూ వాటి పక్కనుంచే నడిచి, ఫోన్లో కొండ ఫొటో తీసుకుంటూ పైకి పోతారు. మా వాను గైడు కూడ "ఎండెక్కుతుంది, పదండి" అని తొందరపెట్టాడు. ఫోనూ, తొందరపడే గైడూ ఇద్దరూ అక్కడ ఒకటే.

ఆడపిల్లల భద్రత సంగతి మా హాస్టల్లో చాలామంది ఎత్తారు. వాను వుంటే ధైర్యమని. నేను బస్సుల్లో అమ్మానాన్నలతో తిరిగాను కాబట్టి ఒంటరి ఆడపిల్ల మాట నా అనుభవంతో చెప్పలేను. కాని మనం పోయేది పాతికమందిమి. చీకటి పడకముందు బస చేరే ఏర్పాటు, ముందుగా మాట్లాడుకున్న లాడ్జీ, ఇద్దరు మేడములు వుంటే సరిపోతుందని నా అభిప్రాయం. ప్రాణం మీదికి వచ్చే చోటు వేరే. హిమాలయాల్లో దారి తప్పితే మనిషి దొరకడు. అందుకనే 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లకు గైడు వుండి తీరాలని నేపాలు నియమం పెట్టింది. అక్కడ చర్చ అనవసరం, గైడును పెట్టుకుని నోరు మూసుకుని వెనక నడవాలి. అనురాధపురంలో దారి తప్పితే మహా అయితే ఇంకో చెరువు కనిపిస్తుంది.

కాబట్టి టూరు కమిటీ వారికి నా మనవి ఇది. ఏజెంటు వాను మానుకుందాం. బస్సుల్లో, రైళ్ళలో తిరుగుదాం. కొండల మీది రైలుకు మాత్రం ముందుగానే సీట్లు రాయించుకోవాలి. మిగిలిన సొమ్ములో కొంత తీసి సిగిరియాలో సగం రోజు, అనురాధపురంలో ఒక రోజు లైసెన్సున్న సైట్ గైడును పెట్టుకుందాం. ముందే రేటు మాట్లాడి, దుకాణాలు వద్దని చెప్పి, అడిగినదానికి కాస్త ఎక్కువే ఇద్దాం. కమీషన్ అవసరం లేకుండా బతకగలిగితే ఆయన మరింత మంచి గైడవుతాడు. బోటనీవారు పేరాదెనియ తోటలో, మా జియాలజీవారు రత్నపురి గనుల దగ్గర, చరిత్రవారు మ్యూజియంలో ఒక్కో పూట మిగతావారికి గైడులు కావాలి. పోకముందు నెలరోజులు చదువుకుంటేనే అది కుదురుతుంది. సెమిస్టరు పరీక్షలకు చదవనివారు దీనికి చదువుతారా అంటే, చదువుతారనే అనుకుంటున్నాను. మార్కులు లేవు గదా!

ఈ పద్ధతిన తలకు ఎంత పడుతుందో ఖర్చుల అంచనా ఒకటి వేసి పెట్టాను. మా హాస్టల్ మెస్సులో రాత్రి భోజనాల వేళ ఎవరడిగినా చూపిస్తాను. ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను, దంబుల్లానుంచి అనురాధపురం పోయే బస్సులో కూర్చోవడానికి సీటు దొరకదు.